వెనేడియం గ్రాఫులు రోజుకోలా ఎందుకొస్తాయి, కొత్త పరిశోధన ఎలా వెతకాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు వెనేడియం సమ్మేళనాల విద్యుత్ రసాయన ప్రవర్తన అనే అంశం ఇచ్చారు. వెనడిల్ సల్ఫేట్‌ను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజిని పైకీ కిందికీ తిప్పుతూ విద్యుత్తును కొలిచే పద్ధతి) తీస్తున్నాను. రెండు శిఖరాల మధ్య 59 మిల్లీవోల్టులు ఉండాలని పుస్తకంలో ఉంది. నాకు ఒకరోజు 200, మర్నాడు 500 వస్తోంది. అదే సీసా, అదే ఎలక్ట్రోడ్. పేపర్లు చూద్దామంటే వేలల్లో ఉన్నాయి, సగం జింక్ బ్యాటరీల మీదే. చదివిన రెండింటిలో ఒకటి కార్బన్‌ను ఆక్సీకరిస్తే చర్య వేగం పెరుగుతుందంటే, రెండోది తగ్గుతుందంటోంది. ఎవరిని నమ్మాలి? తాజా పరిశోధన ఎలా పట్టుకోవాలి? మా కాలేజీకి జర్నళ్ల చందా లేదు.

సమాధానం: మీ ద్రావణం మారలేదు, వోల్టేజిని నడిపే పొటెన్షియోస్టాట్ చెడిపోలేదు. మారుతున్నది కార్బన్ ఉపరితలం. మీరు చదివిన రెండు పేపర్లు గొడవపడుతున్నదీ దాని గురించే. కాబట్టి మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. ప్రయోగంలో కార్బన్‌కు ఏం చేశారో రాసిపెట్టుకోండి, పేపర్ చదివేటప్పుడు కూడా వాళ్లు కార్బన్‌కు ఏం చేశారో ముందు చూడండి.

59 మిల్లీవోల్టుల లెక్క 25 డిగ్రీల దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఏ అడ్డూ లేకుండా అటూ ఇటూ మారే చర్యలకు. మీ వెనడిల్‌లో ఉన్న +4 వెనేడియం +5 కావాలంటే ఎలక్ట్రాన్ పోతే సరిపోదు. నీటి నుంచి ఒక ఆక్సిజన్ వచ్చి వెనేడియంకు అతుక్కోవాలి, రెండు ప్రోటాన్లు బయటికి పోవాలి. ఇన్ని జరగాలి కాబట్టి చర్య నెమ్మదిస్తుంది, శిఖరాలు దూరం జరుగుతాయి. ఈ +5/+4 జంటకు గ్లాసీ కార్బన్ మీద 200 వచ్చిందంటే ఫర్వాలేదనే చెప్పాలి. 500 వచ్చిన రోజు కూడా తప్పు చేశారని కాదు, ఆ రోజు ఉపరితలం వేరుగా ఉంది, అంతే.

ప్రమాణ విలువలు ఒకసారి సరిచూసుకుందాం. ప్రమాణ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే +5/+4 జంట +1.00 వోల్టు, +4/+3 జంట +0.34, +3/+2 జంట −0.26. సంతృప్త పొటాషియం క్లోరైడ్ ఉన్న సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రెఫరెన్స్ వాడితే ఒక్కోదాని నుంచి 0.197 తీసేయండి. అంటే మొదటిది +0.80 చుట్టూ, మూడోది −0.46 చుట్టూ కనిపించాలి. మధ్యలోది +0.14 దగ్గర ఉండాలి కానీ అక్కడ చూస్తే సాధారణంగా ఏమీ ఉండదు. +4 నుంచి +3కి దిగే చర్యలో ఆక్సిజన్ బంధం తెగాలి కాబట్టి కార్బన్ మీద అది బాగా కిందికి జారి, +3 నుంచి +2కి వెళ్లే శిఖరంలో కలిసిపోతుంది. చాలామంది విద్యార్థులు ఆ కలిసిపోయిన ఉబ్బును +3/+2 అని రాసేస్తారు.

+5/+4 జంటలో ఎలక్ట్రాన్ ఒకటి, ప్రోటాన్లు రెండు. దాంతో పి.హెచ్. ఒక అంకె మారితే పొటెన్షియల్ 118 మిల్లీవోల్టులు కదులుతుంది. ఒకరోజు 1 మోలార్ యాసిడ్, ఇంకోరోజు 3 మోలార్ వాడితే శిఖరాలు పదుల మిల్లీవోల్టులు జరగడం సహజం. యాసిడ్ గాఢతను ఒక్కటే పెట్టుకోండి. 2 మోలార్ బాగుంటుంది.

ద్రావణంతో మొదలుపెడదాం. వెనడిల్ సల్ఫేట్ సీసా మీద 'హైడ్రేట్' అని ఉంటుంది కానీ ఎన్ని నీటి అణువులో తరచూ ఉండదు. 100 మి.లీ.లో 0.05 మోలార్ కావాలంటే, ఐదు నీటి అణువులనుకుంటే 1.265 గ్రాములు తూచాలి, మూడే అనుకుంటే 1.085 గ్రాములు చాలు. ఐదని లెక్కేసి తూచాక లోపల ఉన్నవి మూడే అయితే మీ గాఢత దాదాపు 17 శాతం ఎక్కువ. వేగ స్థిరాంకం లెక్కకు వచ్చేసరికి ఆ తేడా వెంటాడుతుంది. అందుకే టైట్రేట్ చేయండి. 10 మి.లీ. పిపెట్‌తో తీసి, 70 డిగ్రీలదాకా వేడి చేసి, సోడియం ఆక్సలేట్‌తో ప్రామాణీకరించిన 0.01 మోలార్ పొటాషియం పర్మాంగనేట్‌ను బ్యూరెట్‌లోంచి వదలండి. ఒక పర్మాంగనేట్‌కు ఐదు వెనడిల్ అయాన్లు. గాఢత సరిగ్గా 0.05 అయితే 10.0 మి.లీ. పడుతుంది. బ్యూరెట్ 11.7 చూపిస్తే మీ ద్రావణం 0.0585 మోలార్. నీలం మెల్లగా ఆకుపచ్చగా మారి పసుపులోకి వస్తుంది. పసుపు మీద గులాబీ ఛాయ నిలిచిన చోట ఆపాలి. చల్లగా చేస్తే చివర్లో చర్య మందగించి ముందే గులాబీ కనిపిస్తుంది, అసలు కంటే తక్కువ రీడింగ్ వస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మాత్రం ఈ టైట్రేషన్ పెట్టుకోకండి, పర్మాంగనేట్ క్లోరైడ్‌ను కూడా తింటుంది.

యాసిడ్ కలిపేటప్పుడు 98 శాతం యాసిడ్ సుమారు 18.4 మోలార్ అని గుర్తుంటే చాలు. 500 మి.లీ. 2 మోలార్‌కు 54 మి.లీ. పడుతుంది. నీళ్లలోకి యాసిడ్, మంచు తొట్టిలో, కొంచెం కొంచెంగా. వెనడిల్ సల్ఫేట్‌ను గాఢ యాసిడ్‌లో నేరుగా వేస్తే గంటలు తిప్పినా కరగదు, పలచబరిచిన తర్వాతే వేయండి.

బ్యాటరీ పేపర్లలో 1.5 మోలార్ వెనేడియం వాడారు కదా, మనమూ అంతే వాడదాం అనిపిస్తుంది. వోల్టామెట్రీకి వద్దు. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ మీద సెకనుకు 100 మిల్లీవోల్టుల వేగంతో 0.05 మోలార్‌కు శిఖర విద్యుత్తు సుమారు 0.3–0.4 మిల్లీఆంపియర్లు. ద్రావణం నిరోధం 5 ఓములుంటే పోయేది 2 మిల్లీవోల్టులే. అదే 1.5 మోలార్‌కు విద్యుత్తు 10 మిల్లీఆంపియర్లు దాటుతుంది, నిరోధం వల్ల ఒక్కో శిఖరం 50 మిల్లీవోల్టులు జరుగుతుంది, రెండూ కలిపి 100. రసాయన చర్యతో సంబంధం లేకుండానే మీ గ్రాఫ్ 100 మిల్లీవోల్టులు వెడల్పవుతుంది. పేపర్లలో నిరోధ సవరణ చేశారో లేదో చూడమనేది ఇందుకే.

ఇక రెఫరెన్స్. సిల్వర్ క్లోరైడ్‌ది తప్పేమీ కాదు, కానీ దాని కొసలోంచి క్లోరైడ్ కారుతూనే ఉంటుంది. రెండు గంటలకు మించి నడిపేవాటికి మెర్క్యూరస్ సల్ఫేట్ రెఫరెన్స్ మేలు. సంతృప్త పొటాషియం సల్ఫేట్‌తో దాని విలువ సుమారు +0.64 వోల్టు. అది వాడితే +5/+4 జంట +0.36 దగ్గర, +3/+2 జంట −0.90 దగ్గర చూడాలి. కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ బదులు గ్రాఫైట్ కడ్డీ పెట్టండి. +3/+2 జంట ఉండే చోట, అంటే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే −0.26 దగ్గర, హైడ్రోజన్ రావడానికి ఉష్ణగతికంగా అడ్డేమీ లేదు, కార్బన్ బద్ధకం వల్లే రావడం లేదు. ప్లాటినం ఇసుమంత కరిగి మీ కార్బన్ మీద పడిందంటే ఆ బద్ధకం వదిలిపోతుంది, +3/+2 శిఖరం హైడ్రోజన్ విద్యుత్తులో మునిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. గ్లాసీ కార్బన్‌ను 0.3 మైక్రాన్ అల్యూమినాతో, తర్వాత 0.05 మైక్రాన్‌తో, రెంటికీ వేర్వేరు గుడ్డల మీద, ఎనిమిది అంకె ఆకారంలో రెండేసి నిమిషాలు రుద్దండి. ధారగా నీళ్లతో కడిగి, సోనికేటర్‌లో స్వేదనజలంలో రెండు నిమిషాలు ఉంచండి. పది నిమిషాలు ఉంచితే ఇంకా శుభ్రమవుతుందనుకోకండి. కార్బన్‌కూ దాని చుట్టూ ఉన్న టెఫ్లాన్ తొడుగుకూ మధ్య సందు పడుతుంది, అందులోకి యాసిడ్ దిగి గ్రాఫ్ ఏటవాలుగా లావెక్కుతుంది. తర్వాత 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 5 మిల్లీమోలార్ ఫెర్రీసయనైడ్‌తో ఒక గ్రాఫ్ తీయండి, 65 నుంచి 80 మిల్లీవోల్టుల తేడా వస్తే పాలిష్ బాగున్నట్టు. ఆ ఎలక్ట్రోడ్‌ను బాగా కడిగాకే యాసిడ్‌లో పెట్టాలి. సయనైడ్ సమ్మేళనాన్ని గాఢమైన యాసిడ్‌లోకి మోసుకెళ్లడం ప్రమాదం.

ఫెర్రీసయనైడ్ పరీక్ష గట్టెక్కినంత మాత్రాన వెనేడియం మాట వింటుందని లేదు. అందుకని వెనేడియం లేని ఉట్టి 2 మోలార్ యాసిడ్‌లో ఒక గ్రాఫ్ తప్పకుండా తీయండి. సిల్వర్ క్లోరైడ్ మీద +0.3 నుంచి +0.45 వోల్టుల మధ్య రెండు వైపులా వెడల్పాటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. కార్బన్ అంచుల్లో ఉండే క్వినోన్ తరహా ఆక్సిజన్ సమూహాలది అది. ఉబ్బు పెరిగిందంటే ఉపరితలం ఎక్కువ ఆక్సీకరణ చెందిందన్న మాట. మీకు 200 వచ్చిన రోజూ 500 వచ్చిన రోజూ ఈ ఉట్టి యాసిడ్ గ్రాఫ్ తీసి ఉంటే తేడా అక్కడే దొరికేది.

ఉపరితలం ఎప్పుడు ఆక్సీకరణ చెందుతుంది? మీరు స్కాన్‌ను +1.4, +1.6 వోల్టుల దాకా లాగిన ప్రతిసారీ. కిందికి −0.8 దాటించిన ప్రతిసారీ దాని స్థితి ఇంకో వైపు మారుతుంది. అంటే కొలవడానికి చేసే స్కానే, కొలిచే వస్తువును మారుస్తోంది. +1.5 నుంచి −1.0 దాకా ఒకే గ్రాఫ్‌లో మూడు జంటలూ చూపించాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కొలతకు మాత్రం అది పనికిరాదు. +5/+4 జంటకు +0.4 నుంచి +1.2 వోల్టులు, +3/+2 జంటకు −0.2 నుంచి −0.8 వోల్టులు పెట్టుకుని, రెంటికీ మధ్య ఎలక్ట్రోడ్‌ను మళ్లీ పాలిష్ చేయండి.

మీ పేపర్ల తగవు కూడా ఇక్కడే తెగుతుంది. 1992లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో, పూర్తి వెనేడియం ఫ్లో బ్యాటరీని (ద్రావణాలను పంపుతో తిప్పుతూ నడిపే బ్యాటరీ) 1980లలో తయారుచేసిన మరియా స్కైలాస్-కజకోస్ బృందమే, గ్రాఫైట్ ఫెల్ట్‌ను (గ్రాఫైట్ నారల దళసరి గుడ్డను) గాలిలో 400 డిగ్రీల దగ్గర 30 గంటలు కాలిస్తే సెల్ పనితీరు మెరుగవుతుందని చూపించింది. అప్పటి నుంచి 'ఆక్సిజన్ సమూహాలు ఉత్ప్రేరకాలు' అన్నది సూత్రంలా పాకింది. 2016లో ఐర్లండ్ లిమెరిక్ విశ్వవిద్యాలయం, అమెరికా కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి రెండు జంటలనూ విడివిడిగా కొలిచి చూపించింది వేరు. కార్బన్‌కు క్యాథోడిక్ చికిత్స ఇస్తే +5/+4 వేగం పెరుగుతుంది, +3/+2 వేగం తగ్గుతుంది. ఆనోడిక్ చికిత్స ఇస్తే సరిగ్గా తిరగబడుతుంది. అదే ఏడాది ఫింక్, ఫ్రీడ్ల్, స్టిమ్మింగ్ అనే పరిశోధకులు కార్బన్ మీద ఆక్సిజన్ సమూహాలు పెరిగితే +3/+2 వేగం పెరిగి, +5/+4 వేగం తగ్గుతుందన్నారు. కాల్చిన ఫెల్ట్‌లో సెల్ ఎందుకు మెరుగైంది మరి? కాలిస్తే ఫెల్ట్ తడిసే గుణం పెరుగుతుంది, ద్రావణం తగిలే విస్తీర్ణం ఎన్నో రెట్లవుతుంది. ఒక్కో చదరపు సెంటీమీటర్‌కు వేగం తగ్గినా మొత్తం విద్యుత్తు పెరుగుతుంది. పైగా సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి, నెగటివ్ వైపు నిజంగానే మెరుగవుతుంది. కాబట్టి మీ రెండు పేపర్లలో ఒకటి అబద్ధం కానక్కర్లేదు. ఏ జంట, ఏ విస్తీర్ణంతో భాగించారు అన్న రెండు ప్రశ్నలు వేసి మళ్లీ చదవండి.

ఇదే మీ ప్రాజెక్టు కూడా కావచ్చు. పాలిష్ చేసిన ఎలక్ట్రోడ్‌ను ఉట్టి యాసిడ్‌లో −1.0, −0.5, 0, +0.5, +1.0, +1.5 వోల్టుల దగ్గర 60 సెకన్లు చొప్పున పట్టి ఉంచండి. వెంటనే వెనేడియం ద్రావణంలోకి మార్చి గ్రాఫ్ తీయండి. ఒక్కో విలువకు మూడుసార్లు, ప్రతిసారీ కొత్త పాలిష్‌తో. చికిత్స పొటెన్షియల్ అడ్డంగా, శిఖరాల తేడా నిలువుగా పెట్టి గీస్తే వేగం ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుస్తుంది. −1.0 దగ్గర బుడగలు వస్తాయి, ఎలక్ట్రోడ్‌ను మెల్లగా తట్టి వదిలించండి, బుడగ అతుక్కుంటే విస్తీర్ణం తగ్గుతుంది.

+3/+2 జంట కొలవాలంటే +3 ద్రావణం కావాలి, దాన్ని మీరే చేసుకోవాలి. మధ్యలో నఫియాన్ పొర (అయాన్లను పోనిచ్చే ప్లాస్టిక్ పొర) ఉన్న హెచ్ ఆకారపు సెల్‌లో, కార్బన్ ఫెల్ట్ మీద, 50 మి.లీ. 0.05 మోలార్ వెనడిల్‌ను క్షయీకరించడానికి 241 కూలుంబులు పడుతుంది. 50 మిల్లీఆంపియర్ల దగ్గర సుమారు 80 నిమిషాలు, హైడ్రోజన్‌కు పోయేది కలుపుకుంటే ఇంకొంచెం. నీలం ఆకుపచ్చ అవుతుంది. ఆకుపచ్చను చూసి మోసపోకండి, నీలం +4, పసుపు +5 కలిసినా ఆకుపచ్చే వస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టండి. 765 నానోమీటర్ల దగ్గర శిఖరం ఉంటే +4 ఇంకా మిగిలింది. +3కు శిఖరాలు 400, 610 చుట్టూ వస్తాయి. పొరపాటున ఊదారంగు కనిపించిందంటే +2 దాకా వెళ్లారు, కొంచెం +4 ద్రావణం కలిపితే రెండూ కలిసి +3 అవుతాయి. ఈ పనంతా నైట్రోజన్ కింద, ముందు 20 నిమిషాలు బుడగలు పంపాక చేయాలి, +2 గాలి తగిలితే నిలవదు. గాఢ ద్రావణాల్లో +4, +5 కలిసి ఉన్నప్పుడు మాత్రం స్పెక్ట్రమ్‌ను నేరుగా నమ్మకండి. రెండూ జతకట్టి ముదురు రంగు సంక్లిష్టం ఏర్పడుతుంది, కాంతి శోషణ గాఢతకు అనులోమంగా ఉంటుందనే బీర్ నియమం పనిచేయదు.

లెక్కల దగ్గర ఒక హెచ్చరిక. శిఖరాల తేడా నుంచి వేగ స్థిరాంకం తీసే నికల్సన్ పద్ధతి పట్టిక సుమారు 212 మిల్లీవోల్టులతో ఆగిపోతుంది. 500కు దాన్ని సాగదీయకూడదు. అలాంటప్పుడు ఇంపీడెన్స్ (ఏసీ సంకేతం ఇచ్చి ఎదురయ్యే అడ్డును కొలిచే పద్ధతి) గానీ, శిఖరం స్కాన్ వేగంతో ఎలా జరుగుతోందో చూసే అనుత్క్రమణీయ సమీకరణం గానీ వాడాలి. అచ్చయిన పేపర్లలోనూ ఈ తప్పు కనిపిస్తుంది. వెనేడియం వేగ స్థిరాంకాలు సాహిత్యంలో కొన్ని వేల రెట్ల తేడాతో ఉండటానికి ఉపరితలంతో పాటు ఇదీ ఒక కారణం.

ఇక వెతకడం. మీకు సగం జింక్ బ్యాటరీలే వస్తున్నాయంటే వెతికే మాటలు సరిచేయాలి. వెనేడియం అనగానే నాలుగు వేర్వేరు సంసారాలు వచ్చి పడతాయి. నీటిలో అయాన్లు, అంటే ఫ్లో బ్యాటరీలు. ఘన ఆక్సైడ్లు, అంటే జింక్, లిథియం, సోడియం బ్యాటరీల క్యాథోడ్లు. వేడికి రంగు, వాహకత మారే వెనేడియం డయాక్సైడ్ పొరలు. ఆర్గానిక్ ద్రావకాల్లో ఎసిటైల్ ఎసిటోనేట్ లాంటి సంక్లిష్టాలు. మీది మొదటిది. పైగా వెనడిల్ అయాన్ సూత్రాన్నీ, +5 అయాన్ సూత్రాన్నీ పైఅంకె, కిందిఅంకె లేకుండా టైపు చేస్తే రెండూ ఒకే అక్షరాలు. వెతికే యంత్రానికి తేడా తెలియదు, డయాక్సైడ్ పొరల పేపర్లు కూడా అందులోనే వచ్చి పడతాయి. సూత్రాలతో వెతక్కండి. ఇంగ్లీషులో పేర్లు రాయండి: వెనడిల్, డైఆక్సోవెనేడియం, వెనేడియం ఫ్లో బ్యాటరీ, వెనేడియం రెడాక్స్ ఫ్లో బ్యాటరీ, ఆల్-వెనేడియం. గూగుల్ స్కాలర్‌లో పదబంధాలను కొటేషన్లలో పెట్టి, జింక్, లిథియం, సోడియం, సూపర్‌కెపాసిటర్ పదాల ముందు మైనస్ గుర్తు పెట్టండి. దానికి ఎలక్ట్రోడ్ కైనెటిక్స్, గ్లాసీ కార్బన్, ప్రీట్రీట్‌మెంట్ అనే మాటలు ఒక్కొక్కటిగా జోడించి చూడండి.

ఇంతకంటే బాగా పనిచేసే దారి ఇంకోటుంది. ఒక గట్టి పేపర్‌ను పట్టుకుని, దాన్ని ఎవరు ఉదహరించారో చూస్తూ ముందుకు రావడం. పైన చెప్పిన లిమెరిక్–కేస్ వెస్టర్న్ 2016 పేపర్ జర్నల్ ఆఫ్ ది ఎలక్ట్రోకెమికల్ సొసైటీలో వచ్చింది, వెనేడియం ఫ్లో బ్యాటరీల్లో ఎలక్ట్రోడ్ కైనెటిక్స్ గురించి. గూగుల్ స్కాలర్‌లో దాని కింద ఉండే 'సైటెడ్ బై' నొక్కి, 'ఉదహరించిన వాటిలోనే వెతుకు' అన్న గడిలో టిక్కు పెట్టి, అక్కడ గ్లాసీ కార్బన్ అని కొట్టండి. ఎడమవైపు ఏడాదిని బిగించండి. వేలు వందలవుతాయి, వందలు పదులవుతాయి. అదే పేజీలో అలర్ట్ పెట్టుకుంటే కొత్త పేపర్ ఉదహరించినప్పుడల్లా మెయిల్ వస్తుంది. జర్నళ్లలో దీనితో పాటు ఎలక్ట్రోకిమికా ఆక్టా, జర్నల్ ఆఫ్ పవర్ సోర్సెస్, జర్నల్ ఆఫ్ ఎలక్ట్రోఎనలిటికల్ కెమిస్ట్రీ చూస్తే ఈ రంగంలో ముఖ్యమైనవి దాదాపు దొరుకుతాయి.

చందా సంగతి. 2025 జనవరి 1 నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' నడుపుతోంది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు అందుతాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే చందా లేదని అనుకోకుండా లైబ్రరీలో నమోదు అయిందో లేదో అడగండి, చాలాచోట్ల విద్యార్థులకు సమాచారం చేరదు. ప్రైవేటు కాలేజీ అయితే దగ్గర్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే వీలుందేమో కనుక్కోండి. అదీ కాకపోతే బ్రౌజర్‌లో 'అన్‌పేవాల్' పొడిగింపు పెట్టుకోండి, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న ప్రతి ఎక్కడుందో చూపిస్తుంది. అమెరికా జాతీయ ప్రయోగశాలల పేపర్ల ప్రతులు వాళ్ల ఇంధన శాఖ భాండాగారం 'ఓస్టి'లో దొరుకుతాయి. అచ్చుకు ముందు ప్రతులకు 'కెమ్‌ఆర్కైవ్' చూడండి. ఏదీ కుదరకపోతే రచయితకు మూడు వాక్యాల మెయిల్ రాయండి. ఫలానా పేపర్ కావాలి, ఫలానా పని చేస్తున్నాను అని చెబితే చాలు, చాలామంది పంపుతారు.

మీకు నా గట్టి సలహా థీసిస్‌లు చదవమని. పేపర్‌లో పాలిష్ గురించి ఒక వాక్యం ఉంటే థీసిస్‌లో రెండు పేజీలు ఉంటుంది, పని చేయని ప్రయోగాలు కూడా ఉంటాయి. మన దేశానివి 'శోధ్‌గంగా'లో, న్యూ సౌత్ వేల్స్ వాళ్లవి వాళ్ల విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉచితం. మన దగ్గర విద్యుత్ రసాయన శాస్త్రానికి కారైకుడిలోని సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పెద్ద దిక్కు. ఐఐటీ మద్రాస్‌లో ఫ్లో బ్యాటరీ సెల్‌ల మీద పని జరిగింది. పేటెంట్లకు 'ఎస్పాసెనెట్' ఉచితం, ఎలక్ట్రోలైట్‌లో ఏ ఏ పదార్థాలు కలుపుతారన్నది పేపర్ల కంటే అక్కడే ముందు వస్తుంది.

పేపర్ తెరిచాక సారాంశం చదివి మురిసిపోకుండా ప్రయోగ విధానం భాగానికి వెళ్లండి. ఒక ఎక్సెల్ షీట్‌లో కార్బన్ రకం, దానికిచ్చిన చికిత్స, స్కాన్ హద్దులు, యాసిడ్ గాఢత, వెనేడియం గాఢత, రెఫరెన్స్, నిరోధ సవరణ, విస్తీర్ణాన్ని ఎలా కొలిచారు అని నిలువు వరుసలు పెట్టుకోండి. మూడు నాలుగు గడులు ఖాళీగా మిగిలిన పేపర్ ఎంత పేరున్న జర్నల్‌లో వచ్చినా మీ ఫలితంతో పోల్చకండి. 'మా ఉత్ప్రేరకం అద్భుతం' అనే పేపర్ల దగ్గర ఇంకో సంగతి చూడాలి. పోలిక దేనితో పెట్టారు? చికిత్స చేయని ఉట్టి ఫెల్ట్‌తో పోల్చి రెట్టింపు వేగం చూపించడం పెద్ద విద్య కాదు. 400 డిగ్రీల దగ్గర కాల్చిన ఫెల్ట్‌తో పోల్చి కొంచెం మెరుగు చూపించినా అది చదవదగ్గది.

వేసవిలో ఈ ప్రాజెక్టు సాగదీస్తే ఒకటి గమనించండి. 2 మోలార్ చుట్టూ ఉండే గాఢ +5 ద్రావణం 40 డిగ్రీలు దాటితే నెమ్మదిగా నారింజ-ఎరుపు పెంటాక్సైడ్‌గా అడుగుకు చేరుతుంది. ఏసీ లేని మన ల్యాబుల్లో మే నెలలో 40 మామూలే. మీ 0.05 మోలార్ ద్రావణానికి ఆ భయం లేదు, కానీ ఎలక్ట్రోలైట్ స్థిరత్వం మీద పని చేయాలనుకుంటే మన వాతావరణానికి నేరుగా సంబంధించిన అంశం అదే. 2011లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల సల్ఫేట్, క్లోరైడ్ కలిపిన ఎలక్ట్రోలైట్‌తో 2.5 మోలార్ వెనేడియంను −5 నుంచి 50 డిగ్రీల దాకా నిలిపింది. అక్కడి నుంచి 'సైటెడ్ బై' నొక్కుకుంటూ వస్తే ఇంకో ప్రాజెక్టుకు సరిపడా సరుకుంటుంది.

వెనేడియం విషపదార్థం, పెంటాక్సైడ్ పొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. తూచేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. వాడిన ద్రావణాలను సింకులో పోయకండి, పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించండి. ఫెర్రీసయనైడ్ వ్యర్థాన్ని మాత్రం ఆ యాసిడ్ డబ్బాలో కలపకుండా వేరే దాంట్లో పోయాలి.